అప్‌డేట్: తెలుగు పీడీఎఫ్‌ను ఎన్‌వీడీఏ గజిబిజిగా చదవడం – తేలింది

కావలిలో చూపులేని డిగ్రీ విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) తెలుగు నోట్సును అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా చదువుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

లోపం ఫాంటుది. నోట్సు ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో డీటీపీ చేసింది. కంటికి తెలుగే, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడమన్న సలహాతోనే బయటపడింది. ఎన్‌వీడీఏలో చదివే గొంతు ఈస్పీక్‌ను మార్చడం, ఎన్‌వీడీఏ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దీనికి అనవసరం.

డీటీపీ చేసిన అసలు పేజ్‌మేకర్ ఫైలు దొరికిన పాఠాలను, అను అక్షరాలను అసలైన తెలుగు కోడ్‌లుగా మార్చే యూనికోడ్ కన్వర్టర్‌లో వేశాం. దొరకనివాటిని 2 ఎంబీ లోపు ముక్కలు చేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఓసీఆర్ అయింది, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్టుగా మార్చింది. రెండు కాలమ్‌ల పేజీలైతే కలగాపులగమే, ముందే విడగొట్టాలి. ఒత్తులు మాత్రం చూపున్నవాళ్లెవరైనా సరిచూడాల్సిందే.