వారం తిరక్కుండానే "పనికిరాడు" అనేసిన గేమ్ హీరోల గురించి మీ అనుభవాలు చెప్పండి

వార్డుబాబాయ్
ఐదుగురు ఐదుగురితో తలపడే ఆన్‌లైన్ గేమ్ డోటా 2లోకి 2025 డిసెంబర్‌లో లార్గో అనే కొత్త హీరో వచ్చాడు కదా. కప్ప, చేతిలో వాయిద్యం, పాటలు పాడే సపోర్ట్, అంటే టీమ్‌కి సాయం చేసే హీరో. మా ఐదుగురి గ్రూపులో మొదటి రోజే తీర్పు అయిపోయింది. "బొమ్మ బాగుంది, ఆట లేదు" అన్నారు. నేనూ అవునన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను.

కెజ్ అనే ఇంకో డోటా హీరో విషయంలోనూ ఇదే చేశాను. 2024 నవంబర్‌లో వచ్చాడు. కటానా (పొడవాటి కత్తి) పట్టుకుంటే ఒక రకం స్కిల్స్, సాయ్ (మూడు మొనల పొట్టి ఆయుధాలు) తీస్తే పూర్తిగా వేరే స్కిల్స్. ఇన్ని బటన్లు ఎవరు నొక్కుతారు, మ్యాచ్ మధ్యలో చేతులు ముడిపడతాయి అనుకున్నాను. రెండు వారాల తర్వాత ఎదుటి టీమ్‌లో ఒక కెజ్ తగిలాడు. వాడి రక్తం, అంటే మిగిలిన ప్రాణం, బాగా తగ్గిపోయింది, పారిపోతాడనుకుని వెంటపడ్డాను. వాడు పారిపోలేదు. నా వైపు తిరిగి, సాయ్ తీసి కదలకుండా నిలబడ్డాడు. నేను కొట్టాను. దెబ్బ ఆగిపోయింది, నా మీద గుర్తు పడింది, ఆ తర్వాత వాడు కొట్టిన దెబ్బకి నేను లేను. రీప్లే మూడుసార్లు చూశాను. నేను కొట్టేదాకా ఆగడమే వాడి ఆట. ఆ ఓపిక ప్యాచ్ నోట్స్‌లో (గేమ్ మార్పుల జాబితాలో) ఎక్కడ రాసుంటుంది?

మీకు ఇలా ఎవరి విషయంలో జరిగింది? ఏ గేమ్ అయినా సరే. ఎలా తప్పు తెలుసుకున్నారో కూడా రాయండి, అదే అందరికీ పనికొచ్చేది.

బాణం_తప్పదు
నాది లీగ్ ఆఫ్ లెజెండ్స్ గేమ్, ఎక్కువగా ఆడేది (మెయిన్) యాష్ అనే విలుకత్తె. 2025 జనవరిలో మెల్ అనే కొత్త ఛాంపియన్ (మా గేమ్‌లో హీరోల్ని అలాగే అంటాం) వచ్చినప్పుడు, "దూరం నుంచి కొట్టే మరో మేజ్ (మంత్రగత్తె), అంతే కదా" అనుకున్నాను. మొదటి మ్యాచ్‌లోనే నా అల్టిమేట్ (అన్నిటికంటే పెద్ద స్కిల్) బాణం మ్యాప్ ఆ చివర నుంచి గురిపెట్టి వదిలాను. తెలిసినవాళ్ళకి తెలుసు, ఆ బాణం ఎంత దూరం పోతే స్టన్ (తగిలినవాడు కదల్లేకపోయే సమయం) అంత పెరుగుతుంది. గురి తప్పలేదు. సరిగ్గా తగిలే క్షణంలో మెల్ చుట్టూ బంగారు రంగు వెలుగు వచ్చింది, నా బాణం నా టీమ్ మీదకే తిరిగొచ్చింది. మా జంగ్లర్ (మ్యాప్‌లో అడవి భాగం చూసుకునే టీమ్‌మేట్) స్టన్ అయి చనిపోయాడు. చాట్‌లో అందరూ నన్నే అన్నారు.

ఆ తర్వాత నేను నేర్చుకున్నది చిన్న విషయమే. మెల్ ఆ కవచం వాడేదాకా బాణం దాచుకోవాలి. ముందు ఒక మామూలు స్కిల్ వేసి, కవచం తీయించి, అది మళ్ళీ సిద్ధమయ్యేలోపు (కూల్‌డౌన్‌లో) వదలాలి. అంటే మెల్ నాకు సహనం నేర్పింది. ఇప్పుడు మెల్ ఉన్న మ్యాచ్ అంటే నాకు టెన్షన్ కాదు, ఇష్టం.

రాత్రిక్యూ
నాది వేరే మాట, ఏమనుకోకండి. కొన్ని క్యారెక్టర్ల మీద మొదటి రోజు తీర్పే సరైనది. మార్వెల్ రైవల్స్ గేమ్ 2024 డిసెంబర్‌లో మొదలైనప్పుడు జెఫ్‌ని చూసి అందరూ ముద్దుగా ఉన్నాడన్నారు. ఆ బుజ్జి సొరచేప అల్టిమేట్‌తో మా ఆరుగురిలో నలుగుర్ని ఒక్క గుక్కలో మింగి, మ్యాప్ అంచు దాకా ఈదుకుంటూ పోయి అగాధంలోకి ఉమ్మేసింది. మేం పట్టుకోవాల్సిన పాయింట్ మీద మిగిలింది నేనూ ఇంకొకరూ. అప్పుడే చెప్పాను ఇది మార్చాల్సిందేనని. తర్వాత మార్చారు కూడా. కాబట్టి "ఆగండి, అర్థం చేసుకోండి" అన్న మాట ప్రతిసారీ నిజం కాదు. కోపం వచ్చిందంటే దానికి కారణం ఉండొచ్చు.

వార్డుబాబాయ్
@రాత్రిక్యూ నిజమే బ్రో, ఒప్పుకుంటాను. "బలం ఎక్కువ" అన్న తీర్పు త్వరగానే తెలిసిపోతుంది, ఎందుకంటే దెబ్బ తిన్నవాడికి అర్థమవుతుంది. నా బాధ రెండో రకం తీర్పు గురించి. "పనికిరాడు" అంటారు చూడండి, అది చెప్పేవాళ్ళలో సగం మంది ఆ హీరోతో మూడు మ్యాచ్‌లు కూడా ఆడి ఉండరు.

పాతకాపు
డోటా హీరో ఐఓ గురించి ఎవరూ రాయకపోతే ఈ చర్చ పూర్తి కాదు. నేను డోటా 2 విడుదలైన 2013 నుంచి ఆడుతున్నాను. ఐఓ అంటే మాకు ఒక వెలుగు ముద్ద, సపోర్ట్. టైనీ అనే ఇంకో హీరోకి తాడు కట్టుకుని పక్కనే తిరగడం, సమయానికి ఇద్దరూ మాయమై ఇంకోచోట తేలడం, అదే దాని జీవితం. డోటా అతిపెద్ద టోర్నమెంట్ ఇంటర్నేషనల్‌లో, 2019లో, ఓజీ జట్టు వాళ్ళు ఐఓని క్యారీగా, అంటే బంగారం పోగేసి మ్యాచ్ గెలిపించే ప్రధాన హీరోగా, ఆడించారు. ఆడింది వాళ్ళ ఆటగాడు అనా. ఫార్మ్ (పోగేసే బంగారం) అంతా సపోర్ట్ హీరోకి ఇవ్వడమేమిటని మేం మొదటిసారి చూసినప్పుడు డ్రాఫ్ట్‌లో (హీరోల ఎంపికలో) పొరపాటేమో అనుకున్నాం. ఆ టోర్నమెంట్ వాళ్ళే గెలిచారు. 2018లో కూడా గెలిచారు కాబట్టి ఇంటర్నేషనల్‌ని రెండుసార్లు గెలిచిన మొదటి జట్టు అయ్యారు. హీరో ఎప్పుడూ ఉన్నదే. దాన్ని చూసే కన్ను మారింది.

ఇంకోటి. ఎర్త్‌షేకర్ అనే హీరోని అర్థం చేసుకోవాలంటే 2015 ఇంటర్నేషనల్ ఫైనల్ నాలుగో గేమ్ చూడండి. సీడెక్ జట్టు రోషన్ అనే పెద్ద రాక్షసుణ్ణి కొట్టడానికి ఆ ఇరుకు గుంటలో గుమిగూడింది. ఎదుటి జట్టు ఈజీ (ఈవిల్ జీనియసెస్) వైపు నుంచి ముందు ఏన్షెంట్ అపారిషన్ అనే హీరో మంచు బంతి వచ్చి పడింది, ఆ వెంటే యూనివర్స్ అనే ఆటగాడు ఎర్త్‌షేకర్‌తో లోపలికి దూకి ఎకో స్లామ్ వేశాడు. ఎంతమంది దగ్గరగా ఉంటే ఆ దెబ్బ అన్నిసార్లు ప్రతిధ్వనిస్తుంది, అదే ఆ స్కిల్ పని. ఖాళీ మైదానంలో ఒక్కడి మీద వేస్తే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అంటే ఎర్త్‌షేకర్ బలం వాడి చేతిలో లేదు, ఎదుటివాళ్ళు ఎలా నిలబడ్డారన్న దాంట్లో ఉంది. ఆ రాత్రి నేను ఒక్కణ్ణే కూర్చుని చూస్తూ గట్టిగా అరిచాను. ఇప్పటికీ ఆ క్లిప్ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

డ్రాఫ్ట్_పిచ్చి
పాతకాపు అన్నా, మీరు చెప్పిన "చూసే కన్ను" సంగతి లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఇప్పుడు రూల్‌గానే వచ్చేసింది. 2025 నుంచి ప్రొఫెషనల్ మ్యాచ్‌ల్లో ఫియర్‌లెస్ డ్రాఫ్ట్ పెట్టారు. ఒక సిరీస్‌లో ఏ జట్టు వాడిన ఛాంపియన్ అయినా ఆ తర్వాతి గేముల్లో ఇద్దరికీ దొరకదు. గేమ్‌కి పదిమంది చొప్పున లెక్క వేయండి, ఐదో గేమ్ దాకా వెళ్తే అప్పటికే 40 మంది అయిపోయి ఉంటారు. బ్యాన్లు (ఎదుటివాళ్ళు ఎంచుకోకుండా ఆపేసినవాళ్ళు) దానికి అదనం. 2025 వరల్డ్స్ (ప్రపంచ ఛాంపియన్‌షిప్) ఫైనల్ చెంగ్డూలో సరిగ్గా అలాగే ఐదో గేమ్ దాకా వెళ్ళింది, కేటీ జట్టు మీద టీ1 జట్టు 3-2తో గెలిచింది. వరుసగా మూడో కప్పు అది, టీ1 ఆటగాడు ఫేకర్‌కి మొత్తం ఆరోది.

నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, పాత పద్ధతిలో సిరీస్ మొత్తం అవే ఏడెనిమిది ముఖాలు. ఇప్పుడు ఎవరూ పట్టించుకోని ఛాంపియన్లు కూడా పెద్ద స్టేజీ మీదకి వస్తున్నారు. "ఇతను ఇలా కూడా ఆడొచ్చా!" అని ప్రతి సిరీస్‌లో ఒక్కసారైనా అనిపిస్తోంది. నేనైతే ఫైనల్ ఐదో గేమ్ డ్రాఫ్ట్ మళ్ళీ మళ్ళీ చూశాను, ఆట కంటే ఎక్కువసార్లు.

షీల్డ్_పట్టినవాడు
ఓవర్‌వాచ్ గేమ్‌లో ట్యాంక్ నాది, అంటే ముందు నిలబడి దెబ్బలు కాచే పాత్ర. 2022లో ఆరుగురి నుంచి ఐదుగురికి మార్చినప్పటి నుంచి ప్రధాన మోడ్‌లో టీమ్‌కి ఒక్కటే ట్యాంక్, కాబట్టి పడితే అందరం పడతాం. ఆ బరువు మోసేవాడికే తెలుస్తుంది.

2023 ఏప్రిల్‌లో లైఫ్‌వీవర్ అనే సపోర్ట్ హీరో వచ్చాడు. టీమ్‌మేట్‌ని దూరం నుంచి తన దగ్గరికి లాక్కునే స్కిల్ ఉంది కదా. నేను రైన్‌హార్ట్ అనే ట్యాంక్‌తో ముందుకెళ్ళి, ముగ్గురు ఒకే వరసలోకి వచ్చేదాకా ఎదురుచూసి, సుత్తి ఎత్తబోతున్నాను. సరిగ్గా అప్పుడే మా లైఫ్‌వీవర్ నన్ను వెనక్కి లాగేశాడు. అంతే, అవకాశం పోయింది, పాయింట్ పోయింది. కొన్ని నెలలు ఆ హీరోని ఎవరైనా పిక్ చేస్తే చాలు మనసు విరిగిపోయేది.

మార్పు ఎలా వచ్చిందంటే, ఒక మ్యాచ్‌లో లైఫ్‌వీవర్ ఆడే అమ్మాయి మైక్‌లో ముందే చెప్పింది. "ట్యాంక్ అన్నా, మీరు 'లాగు' అనేదాకా లాగను" అంది. అంతే ఒప్పందం. ఆ మ్యాచ్‌లో నేను మామూలుగా ఎప్పుడూ వెళ్ళనంత లోపలికి వెళ్ళాను, చావు అంచుకి రాగానే "లాగు" అన్నాను, గాల్లో తేలుతూ వెనక్కి వచ్చేశాను. నాలుగుసార్లు. క్యారెక్టర్లో లోపం లేదు, మా మధ్య మాట లేదు. లైఫ్‌వీవర్‌ని తిట్టేవాళ్ళందరూ ఒక్కసారి మైక్ ఆన్ చేసి ఆడి చూడండి, గట్టిగా అడుగుతున్నాను.

కొత్తగా_చేరా
అందరికీ నమస్తే. డోటాలో నేను రెండు నెలల పాప. లార్గో నాకు చూడగానే నచ్చాడు కానీ అల్టిమేట్ వేస్తే ఏమీ జరిగినట్టే ఉండదు. టీమ్‌వాళ్ళు వేరే హీరో తీసుకోమంటున్నారు. మానేయమంటారా?

వార్డుబాబాయ్
@కొత్తగా_చేరా మానొద్దమ్మా. ఒక్కటి అడుగుతాను, గేమ్ సౌండ్ తగ్గించి ఆడుతున్నారా? లార్గో అల్టిమేట్‌లో పాటలు లయకి తగ్గట్టు నొక్కాలి. తాళం కలిస్తే బలం పెరుగుతూ పోతుంది, తప్పితే ఆ బలం రాదు. ఒక పాట టీమ్ దెబ్బకి బలం, ఒకటి నడకకి వేగం, ఒకటి గాయాలు మాన్పడానికి. నేను కూడా మొదటి వారం పాటలు వినకుండానే ఆడాను, అందుకే "ఆట లేదు" అన్నాను. హెడ్‌సెట్ పెట్టుకోండి. డెమో మోడ్‌లో శత్రువులు ఎవరూ లేకుండా పది నిమిషాలు ఒట్టి తాళం మాత్రమే నొక్కండి. ఫైట్ మొదలయ్యాక కళ్ళు టీమ్ మీద, చెవి పాట మీద ఉండాలి.

పాతకాపు
దీనికి తోడు ఒక మాట. మొదట ఒకే పాటతో మొదలుపెట్టండి, గాయాలు మాన్పేది. చెయ్యి కుదిరాక పాటలు మార్చడం నేర్చుకోవచ్చు.

కొత్తగా_చేరా
బాబాయ్ గారూ, సౌండ్ నిజంగానే తగ్గించి ఆడుతున్నాను, మైక్‌లో మాటలు వినపడవని. నిన్న డెమోలో కూర్చున్నాను, ఇవాళ రెండు మ్యాచ్‌లు ఆడాను. మొదటిది ఓడిపోయాం. రెండో దాంట్లో మా బేస్ ముందు ఫైట్‌లో మొదటి మూడు తాళాలు తప్పాయి, నాలుగోది కలిసింది, ఇక ఆగలేదు. మా క్యారీ రక్తం దాదాపు అయిపోయిన దగ్గర్నుంచి మళ్ళీ పైకి ఎక్కుతుంటే చూస్తూ నొక్కుతూనే ఉన్నాను. ఫైట్ అయ్యాక అతను చాట్‌లో ఒక్క ముక్క రాశాడు: "పాట ఆపకు."