మగ కుక్కపిల్లకి పోర్చుగీసు పేరు కావాలి, లిస్బన్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి

అల్ఫామా_అల్లుడు
అందరికీ నమస్కారం. నా కొలీగ్ వాళ్ళ ఊరు అలెంతేజు వైపు. వాళ్ళ తోటలో పుట్టిన మగ కుక్కపిల్లని తెచ్చుకున్నాం. జాతి కుక్కేం కాదు, ఒళ్ళంతా నలుపు, ఛాతీ మీద మాత్రం గుండ్రంగా ఒక తెల్ల మచ్చ. పేరు ఇక్కడిదే పెట్టాలని మా ఆవిడ పట్టు. పగలు వాణ్ణి చూసుకుంటానన్న కింది ఫ్లోర్ పెద్దావిడ నోరు తిరగాలి, వేసవికి తెనాలి నుంచి వచ్చే మా అత్తగారి నోరూ తిరగాలి. వచ్చే వారం చర్మం కింద గుర్తింపు చిప్ వేయిస్తున్నాం, అప్పుడు పేరు అడుగుతారట. ఏదీ కుదరకపోతే పింటూ అని రాయించేస్తాను.

సావోపాలో_సుబ్బు
బాబ్బాబు, పింటూ మాత్రం వద్దు. పోర్చుగల్‌లో దానికి కోడిపిల్ల అని అర్థం, ఇంటిపేరుగా కూడా ఉంది, అంతవరకు ఏ గొడవా లేదు. కానీ బ్రెజిల్‌లో అది మగవాళ్ళ విషయంలో వాడే బూతు. లిస్బన్‌లో బ్రెజిల్ వాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. పార్కులో నిలబడి గట్టిగా 'పింటూ, ఇలా రా' అని అరిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. 'కోకో' కూడా ఆలోచించి పెట్టండి. మనం పలికే తీరుని బట్టి అది కొబ్బరికాయైనా కావచ్చు, కుక్క రోడ్డు మీద చేసి పోయేదైనా కావచ్చు.

పోర్తో_పద్మ
సుబ్బుగారూ 😂 పొద్దున్నే నవ్వించారు.

అల్లుడుగారూ, ఇక్కడ పాతకాలం పేర్లంటే బొబీ, పిలోతు, ఫరూష్కు, ఫయీష్క. మనకి టామీ ఎలాగో వీళ్ళకి బొబీ అలా. ఎవరి కుక్కో తెలియకపోయినా బొబీ అనే పిలుస్తారు. 2023 ఫిబ్రవరిలో ప్రపంచంలోనే ముసలి కుక్క అని గిన్నిస్ వాళ్ళు ప్రకటించింది కూడా ఒక బొబీనే, లెయిరియా దగ్గర పల్లెటూరిది. ఆ అక్టోబరులో చనిపోయినప్పుడు వయసు 31 దాటిందన్నారు. పుట్టిన తేదీకి గట్టి ఆధారం లేదని 2024లో రికార్డు వెనక్కి తీసుకున్నారు. రికార్డు పోయినా పేరుకున్న పరపతి పోలేదు.

మీవాడు నలుపు కాబట్టి నా ఓటు ఫరూష్కుకి. మసి పట్టినవాడు అని అర్థం, మన 'నల్లోడా' లాగా ముద్దుగానే అంటారు. మా వీధి చివర మెకానిక్ షెడ్డులో ఒక ఫరూష్కు ఉన్నాడు. గ్రీజు పూసిన గుడ్డ మీద పడుకుంటాడు, కస్టమర్ వస్తే ఒక కన్ను మాత్రం తెరుస్తాడు.

అల్ఫామా_అల్లుడు
పేరు బాగుందండీ, కానీ అత్తగారికి వీడియో కాల్‌లో చెప్పి చూశాం. మొదటిసారి 'పరుసు', రెండోసారి 'పరుషం'. కొట్టేశాం.

కొయింబ్రా_కుర్రాడు
బ్రో, నదుల పేర్లు చూశారా? తేజు, దోరు, మొందేగు. వీళ్ళు కుక్కలకి ఎప్పటినుంచో పెట్టుకుంటున్న పేర్లే. పుస్తకంలో ఎలా రాసి ఉన్నా ఇక్కడివాళ్ళు చివరి 'ఓ'ని 'ఉ' అనే పలుకుతారు. పైగా వీళ్ళ త, ద అచ్చం మన త, దలే. ఇంగ్లీషులా నాలుక మడత పెట్టక్కర్లేదు. తెనాలి నోటికి దోరు కష్టమేం కాదు.

బ్రెజిల్ ఈశాన్యంలో ఇంకో చిత్రం ఉంది. కుక్కకి చేప పేరో నీటికి సంబంధించిన పేరో పెడితే పిచ్చి పట్టదని పాత నమ్మకం. పిచ్చికుక్క నీళ్ళకి భయపడుతుందంటారు కదా, అక్కణ్ణుంచి వచ్చింది.

పోర్తో_పద్మ
నది పేరు పెట్టినా టీకా వేయించాల్సిందే బాబూ. పోర్చుగల్‌లో కుక్కలకి రేబీస్ టీకా తప్పనిసరి.

అల్ఫామా_అల్లుడు
తేజు నాకు చాలా నచ్చింది. బాల్కనీలోంచి తేజు నది కనిపిస్తుంది కూడా. కానీ మా మరదలి పేరు తేజస్విని, ఇంట్లో తేజూ. కుక్కకి ఆ పేరు పెట్టి తెనాలి వెళ్ళే ధైర్యం నాకు లేదు.

గుంటూరు_గోవిందు
వాస్కో పెట్టండి. రెండక్షరాలు, ఠపీమని వినిపిస్తుంది. మా ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, అమరావతి ఎక్స్‌ప్రెస్ పోయేది గోవాలో ఉన్న ఆ వాస్కోకే కదా.

కాలికట్_కోడలు
1502లో రెండోసారి వచ్చినప్పుడు ఆ వాస్కో డ గామా మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని మనుషులతో సహా తగలబెట్టించాడు. పాపం కుక్కకెందుకండీ ఆ పేరు.

గుంటూరు_గోవిందు
నేను రైలు గురించి చెప్పాను తల్లీ.

ఫుట్‌బాల్_ఫణి
నాని! పోర్చుగల్ జట్టుకి ఆడిన నాని.

పోర్తో_పద్మ
తెలుగువాళ్ళ ఇంట్లో నాని అని పిలిస్తే కుక్క కంటే ముందు ముగ్గురు మగపిల్లలు పరిగెత్తుకొస్తారు. నెక్స్ట్.

సింత్రా_శిరీష
ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. 'ఆవ్' అని ముక్కుతో ముగిసే పేర్లతో జాగ్రత్త. లియావ్ అంటే సింహం, త్రువావ్ అంటే ఉరుము, వినడానికి దర్జాగానే ఉంటాయి. చిక్కేమిటంటే 'వద్దు' అనడానికి వీళ్ళు వాడే మాట నావ్. మా పార్కులో లియావ్ అనే బంగారు రంగు కుక్క ఉంది. బెంచీ కింద పడ్డ బ్రెడ్డు ముక్క మీదికి మూతి పెట్టినప్పుడు దాని యజమాని 'నావ్, లియావ్, నావ్' అంటాడు. అది తలెత్తి తోక ఊపి, తనని మెచ్చుకుంటున్నాడనుకుని బ్రెడ్డు మింగేస్తుంది. మాట చివర శబ్దం ఒకేలా ఉంటే కుక్క తికమకపడొచ్చు. ఇదే లెక్కన వెంతు అని పెడితే, 'కూర్చో' అనే సెంతకి దగ్గరగా ఉంటుంది.

ఇంకోటి. ఇక్కడ కుక్కని చూడగానే అబ్బాయా అమ్మాయా అని అడుగుతారు, ఆ తర్వాతే పేరు. 'ఉ'తో ముగిస్తే మగవాడని వాళ్ళకే అర్థమవుతుంది. అలాగని అదేమీ రూలు కాదు. పైన పద్మగారు చెప్పిన ఫయీష్క 'అ'తో ముగుస్తుంది, నిప్పురవ్వ అని అర్థం, మగ కుక్కలకీ పెడతారు. పిల్లల పేర్లకైతే ప్రభుత్వం ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి అని జాబితా ఉంది, కుక్కలకి ఆ బాధ లేదు.

బందరు_బాబాయ్
అబ్బాయ్, ఛాతీ మీద గుండ్రటి తెల్ల మచ్చ అన్నావు. బొత్తాం అని పిలు. మనకి ఆ మాట వచ్చిందే పోర్చుగీసు వాళ్ళ దగ్గర్నుంచి. సబ్బు, తువాలు, బాల్చీ, అల్మారా, అనాస, అన్నీ వాళ్ళవే. మీ అత్తగారు పుట్టినప్పట్నుంచీ పోర్చుగీసు మాట్లాడుతున్నారు, ఆవిడకే తెలీదు.

కొయింబ్రా_కుర్రాడు
బాబాయ్ 🙏 ఇక్కడ దాన్ని బుతావ్ అంటారు.

సింత్రా_శిరీష
మాట చాలా ముద్దుగా ఉంది, కానీ మళ్ళీ అదే 'ఆవ్' కదా!

అల్ఫామా_అల్లుడు
శిరీషగారూ, మీరు చెప్పింది నిజమే. కానీ ఇంట్లో మేం వాడితో తెలుగే మాట్లాడతాం. చెప్పు కొరికితే 'వద్దు' అంటాం గానీ నావ్ అనం. ఇంట్లో బొత్తాం, బయట బుతావ్. కింది ఫ్లోర్ పెద్దావిడకి ఒక చిన్న మనవి చేసుకుంటే చాలు, వాణ్ణి తిట్టాల్సి వస్తే 'వద్దు' అనమని. నేర్పించాను కూడా. 'వాదూ' అంటోంది, వాడు ఆగుతున్నాడు.

అత్తగారికి చెప్తే 'ఎవరి చొక్కాది ఊడింది?' అన్నారు. పేరు ఖాయం.

సింత్రా_శిరీష
అయితే అభ్యంతరం లేదు. చిప్ వేసినప్పుడు పేరులో 'ఆ' అక్షరం నెత్తిన అల గీత పడిందో లేదో స్క్రీన్ మీద చూసుకోండి, టైప్ చేసేవాళ్ళు వదిలేస్తుంటారు. ఇంతకీ పిల్లాడి వయసెంత? 2019లో వచ్చిన చట్టం ప్రకారం పుట్టిన 120 రోజుల్లోపు చిప్ వేయించి సియాక్‌లో, అంటే పెంపుడు జంతువుల జాతీయ రిజిస్టరులో, నమోదు చేయించాలి.

అల్ఫామా_అల్లుడు
మూడు నెలలు నిండాయండీ, టైముంది.

పోర్తో_పద్మ
ఆ తర్వాత జుంతాలో, అంటే మీ పేట స్థానిక పాలనా ఆఫీసులో, లైసెన్సు తీసుకోవాలి, టీకా కార్డు వెంట పెట్టుకెళ్ళండి. ఇంతమందితో పేరు పెట్టించుకుని ఫోటో ఒక్కటి కూడా పెట్టలేదు, ఏమిటండీ ఇది?