గేము లెక్క సాగే కామెడీ ఫాంటసీ నవలల్ల పట్టికలు దాటేసి చదవొచ్చా?

కాజీపేట జంక్షన్:
హీరో ఆన్‌లైన్ గేముల పడి లెవెళ్లు ఎక్కుకుంట పోయే నవల ఒకటి సగం అయింది. మాటలు మస్తుగున్నయి. కానీ నాలుగు పేజీలకో పట్టిక: బలం 14, చురుకు 11, ప్రాణం 120. గేములు ఆడనోళ్లు ఇవన్నీ చదవాల్నా? రాక్షసులు ఊకె గాయాలు మాన్పే హీలర్ ఎంబడే ఎందుకు పడతరు, అండ్ల జోకేంది?

పోచమ్మమైదాన్:
పట్టికల మారిన వరుస ఒక్కటి చూడు, చాలు. వస్తువు పేరు కింద రెండు వాక్యాల వివరణ ఉంటది చూడు, అది మాత్రం ఇడవకు. సగం హాస్యం ఆడనే దాస్తరు.
హీలర్ సంగతంటవా, ఎవల మీదికి ఉరకాల్నో తేల్చేతందుకు గేము ‘ఆగ్రో’ (రాక్షసుల కోపం) అని లెక్క పెడతది. కొట్టినోని ఖాతాలనే కాదు, గాయం మాన్పినోని ఖాతాల కూడా అంకె పెరుగుతది. ముందు నిలవడి దెబ్బలు తినే ట్యాంకు ఆ కోపాన్ని తన దిక్కు గుంజుకోకముందే హీలర్ మంత్రమేస్తే మంద మొత్తం ఆయన మీదికే. మంచి చేసినోనికే తన్నులు.

పది ఎలుకల క్వెస్ట్:
పట్టికలు దాటేయమంటే నేను ఒప్పుకోను. మొదటి మూడింట్లోంచి ఒక్కో అంకె రాసిపెట్టుకోండి. వంద పేజీల్లో వాటిల్లో ఒక్కటి కూడా ఎవర్నీ ఇరికించలేదంటే అది పేజీలు నింపడమే, పక్కన పడేయండి.
నవ్వు నియమంలోంచే పుట్టాలి. 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేములో అదే జరిగింది. హక్కర్ అనే బాస్ (పెద్ద శత్రువు) అంటించే రక్తపు జబ్బు వాడుండే గుడి దాటకూడదు. కానీ వేటగాళ్లు జబ్బు అంటిన పెంపుడు జంతువును మాయం చేసి, నగరంలోకొచ్చాక మళ్లీ పిలిచారు. జబ్బు దాంతోనే దిగింది. మనుషులు కాక గేమే ఆడించే దుకాణదారుల పాత్రలకు అది అంటుతుంది గానీ వాళ్లు చావరు, కాబట్టి దగ్గరికొచ్చిన ప్రతివాడికీ పంచారు. చిన్న లెవెల్ వాళ్లు నిలబడ్డచోటే పోయారు. జోకు ఎవరూ రాయలేదక్కడ.

ములుగు రోడ్డు:
తెలుగుల రాసేటోళ్లకు మన దగ్గర్నే నియమాలున్నయి. మేడారం జాతరల నిలువెత్తు బంగారం మొక్కు తీసుకో, మనిషి బరువంత బెల్లం తూచి ఇచ్చుడు. (తల్లుల మీద కాదు, కాంటా మీదనే జోకు.) హీరో ఒళ్లు 60 కిలోలు, సంచిల కత్తులు, కవచం 90. గేము కాంటా సంచిని కూడా తూస్తది: 150. అంత బెల్లం కొని సంచిల వేస్తడు, కాంటా 300 అంటది. ఇంకో 150 కొంటే 450. ఎంత కొన్నా 150 తక్కువనే. మూడోసారికి సంచి 400 దాటి, లైన్ల కదలకుంట బిగుసుకపోతడు. సంచి లిమిటు 400 అని ఎన్నో పేజీల ముందే చెప్పి ఉండాలె, లేకుంటే జోకు చచ్చినట్టే.
భాషకొస్తే, లెవెల్, లూట్ అట్లనే ఉంచాలె. ఎక్స్‌పీరియన్స్ పాయింట్లను ‘అనుభవ బిందువులు’ అంటే ఎవలికీ ఎక్కది. హీరోకు సంగతులు చెప్పే గేము సిస్టం మాత్రం సర్కారు నోటీసు లెక్క మాట్లాడాలె: “మీ ప్రాణము 3 శాతమునకు తగ్గినదని తెలియజేయడమైనది.” హీరో: “గది నాకెర్కే.”

కాజీపేట జంక్షన్:
బెల్లం సంచిల వేయకుంట నెత్తిన పెట్టుకుంటే?

ములుగు రోడ్డు:
నెత్తి అంటే గేముల హెల్మెట్‌కు పెట్టిన జాగ, స్లాటు. అది తీస్తే కవచం 12 తగ్గుతది, లైన్ల మేకలు పొడుస్తయి.