పాత ఎక్స్‌కవేటర్‌లో నాక్స్ సెన్సర్ కోడ్ పోవట్లేదు: సెన్సర్ పోయిందా, వైరింగ్ సమస్యా?

నమస్కారం అండి. టెక్సస్‌లో చిన్న తవ్వకం పనులు చేస్తుంటాను. ఈమధ్య 2016 మోడల్, టియర్ 4 ఫైనల్ (అమెరికా కాలుష్య ప్రమాణం) ఇంజిన్ ఉన్న ఎక్స్‌కవేటర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఉదయం బాగానే నడుస్తుంది. సైలెన్సర్ బాగా వేడెక్కాక ఎస్‌పీఎన్ 3226 (ఏ భాగమో చెప్పే నంబర్), ఎఫ్‌ఎమ్‌ఐ 9 (లోపం ఏ రకమో చెప్పే నంబర్) కోడ్ వస్తుంది. కాసేపటికి ఇంజిన్ పవర్ తగ్గిపోతుంది. పని మధ్యలో ఇలా అయితే చాలా టెన్షన్‌గా ఉంది.

3226 అంటే బయటికి వెళ్లే పొగలో నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) ఎంత ఉందో కొలిచే సెన్సర్. ఎఫ్‌ఎమ్‌ఐ 9 అంటే దాని నుంచి సమాచారం సరిగ్గా అందడం లేదని. అంటే రీడింగ్ తప్పని కాదు, సెన్సర్ నుంచి సందేశమే ఆగిపోతోందని నా అనుమానం. డెఫ్ ద్రవాన్ని (పొగను శుద్ధి చేయడానికి వాడే యూరియా ద్రావణం) రిఫ్రాక్టోమీటర్‌తో చూశాను, యూరియా 32.5 శాతమే ఉంది. బ్యాటరీ తీసి క్యాన్ వైర్ల (సెన్సర్లు, కంప్యూటర్ సమాచారం పంపుకునే వైర్లు) మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు వచ్చింది, అంటే సరిగ్గానే ఉంది. కానీ అదంతా మెషిన్ చల్లగా ఉన్నప్పుడు.

అమ్మినతను సెన్సర్ మార్చేయమంటున్నాడు. అది చాలా ఖరీదు, మార్చాక కూడా కోడ్ వస్తే ఏం చేయాలి? వేడిగా ఉన్నప్పుడు సెన్సర్ కనెక్టర్ దగ్గర కరెంటు, గ్రౌండ్ లోడ్ మీద ఎలా పరీక్షించాలి? సైలెన్సర్ పక్కన వైర్లు ఎక్కడ ఎక్కువగా కాలి అరుగుతాయి? ముందువైపు (శుద్ధికి ముందు పొగను కొలిచే) నాక్స్ సెన్సర్‌తో దీన్ని మార్చి చూడొచ్చా, లేక రెండింటి అడ్రస్‌లు వేరుగా ఉంటాయా?

పొగ శుద్ధి చేసే సిస్టమ్‌ను డిలీట్ చేయమని (తీసేయమని) మాత్రం చెప్పకండి. ఇక్కడ అది చట్టవిరుద్ధం, నాకూ ఇష్టం లేదు. ఈ పని చేతులతో చేసిన మెకానిక్ అన్నలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.