పొట్టు మిషన్ గేర్ విరిగింది, త్రీడీ ప్రింట్ చేయిస్తే ఆగుతుందా?

పలాస పిక్కలు:
పలాసలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. పొట్టు తీసే మిషన్‌లో ట్రేని ఊపే నైలాన్ గేర్ ఒకటుంది, 24 పళ్ళు. దానికి ఒక పక్క కామ్ (తిరుగుతూ ట్రేని నెట్టే వంకర ముక్క) కూడా కలిపే పోత పోశారు. మూడు పళ్ళు ఊడిపోయాయి. అమ్మినవాళ్ళు గేర్ విడిగా ఇవ్వరట, గేర్‌బాక్స్ మొత్తం కొనమంటున్నారు. ఓ కుర్రాడు ఇంట్లో త్రీడీ ప్రింటర్ మీద పీఎల్ఏ అనే మామూలు ప్లాస్టిక్‌తో చేసిచ్చాడు. పళ్ళు బాగానే ఉన్నాయి గానీ కామ్ మొదలంటా కోసినట్టు ఊడొచ్చింది. సీజన్ నెత్తి మీదుంది, ఒకటే టెన్షన్. ఫ్యాక్టరీల్లో వాడే నైలాన్ ప్రింటింగ్ అయితే ఆగుతుందా?

నెల్లిమర్ల టర్నర్:
ఉత్త గేరైతే ప్రింటింగ్ జోలికే వెళ్ళొద్దనేవాణ్ణి. కాస్ట్ నైలాన్ (పోత పోసిన నైలాన్) రాడ్ తెచ్చి హాబింగ్, అంటే మిషన్ మీద పళ్ళు కోయించడం, చేయిస్తే సరిపోతుంది. మీ చిక్కంతా ఆ కామ్‌తోనే బావూ. అలాంటి వంకర ముక్క ఒకటో రెండో కావాలంటే ప్రింటింగే నయం, అచ్చు ఖర్చుండదు.

ఆ కుర్రాడిది ప్లాస్టిక్ తీగ కరిగించి పొర మీద పొర పరిచే పద్ధతి. పొరల మధ్య పట్టు తక్కువ, పక్క నుంచి దెబ్బ పడితే అక్కడే విడుతుంది. మీరు ఎస్ఎల్ఎస్ (పొడిని లేజర్‌తో అతికించేది) గానీ ఎంజేఎఫ్ (పొడి మీద ద్రవం చల్లి వేడితో అతికించేది) గానీ అడగండి, పీఏ12 అనే రకం నైలాన్ పొడితో. పొడి కరిగి అతుక్కుంటుంది కాబట్టి అన్ని వైపులా బలం ఇంచుమించు సమానంగా ఉంటుంది.

విరిగిన గేర్ స్కాన్ చేసి అదే దించేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, అరుగుదల కూడా దిగుతుంది. బయటి వ్యాసం కొలిచి, పళ్ళ లెక్కకి రెండు కలిపి భాగించండి. 51.6 మి.మీ. వచ్చిందనుకోండి, 26తో భాగిస్తే 1.98. అంటే మాడ్యూల్ (పంటి సైజు చెప్పే అంకె) 2, కొత్తలో వ్యాసం 52. ఆ లెక్కన కొత్తగా గీయించండి. పళ్ళ మొదట్లో, కామ్ మొదట్లో మూలలు పదునుగా వదలకుండా గుండ్రం తిప్పించండి. బోరులో, అంటే షాఫ్ట్ దూరే రంధ్రంలో, ఇత్తడి బుష్ (గొట్టం లాంటి తొడుగు) వేయండి. ఉత్త నైలాన్‌లో కీ గాడి (గేర్ షాఫ్ట్ మీద జారకుండా బిగించే కీ కూర్చునే గాడి) తొందరగా వదులైపోతుంది.

ఇంతకీ ఊడిన పళ్ళు పక్కపక్కవేనా?

పలాస పిక్కలు:
పక్కపక్కవే అన్నా. ట్రే కింద పెంకు ముక్క కూడా దొరికింది.

రాజాం మెయింటెనెన్స్:
మధ్యలో వస్తున్నా. పప్పు తగిలే పార్టులు కూడా ఇలాగే చేయిద్దామనుకుంటే ఆగండి. ఎస్ఎల్ఎస్ ముక్క పైన గరుకుగా ఉంటుంది, పొట్టూ నూనే పట్టేస్తే కడిగినా ఒక పట్టాన పోవు. ఆహారానికి పనికొస్తుందని ఆ మెటీరియల్‌కి సర్టిఫికెట్ ఉందేమో అడగాలి. గేర్‌కి ఆ బాధ లేదు.

నెల్లిమర్ల టర్నర్:
అయితే ఆ పెంకు ఇరికే పళ్ళు విరిగుంటాయి. మళ్ళీ ఇరికితే కొత్త గేరూ విరుగుతుంది. ట్రే ముందు జల్లెడ సరిచూడండి. బుష్‌కీ షాఫ్ట్‌కీ మధ్య కీ బదులు సన్నటి షియర్ పిన్ (బరువెక్కువైతే ముందే తెగే పిన్) పెడితే, ఈసారి జామ్ అయినా పిన్ తెగుతుంది, పళ్ళు మిగుల్తాయి.