బ్రేక్ అనే ఇంగ్లీషు క్రియను పిల్లలకు ఎలా చెప్పాలి?

కృష్ణాతీరం:
ఎనిమిదో తరగతి పిల్లలకు బ్రేక్ క్రియ చెప్పాలి. నిఘంటువు తీస్తే పగులు, విరుగు, తెగు, ఉల్లంఘించు, విరామం, తెల్లవారు అని వరసగా ఉన్నాయి. ఏది ఎక్కడ వాడాలో లేదు. పిల్లలేమో "పగలగొట్టు" ఒక్కటే బట్టీపట్టి, పాలు విరిగాయి అన్నదానికి "ద మిల్క్ బ్రోక్" అని రాస్తున్నారు. బ్రేక్ డౌన్, బ్రేక్ అవుట్ లాంటి జంట మాటలు మరీ కష్టంగా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పదసేద్యం:
అర్థాల జాబితాతో మాత్రం మొదలుపెట్టకండి. "విరిగిన వస్తువు ఏది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఇంగ్లీషుకు వస్తువు ముక్కలైతే చాలు, బ్రేక్ అనేస్తుంది. తెలుగు ఆ వస్తువు తీరు చూసి క్రియను ఎంచుకుంటుంది. పెళుసుగా ఉన్నది పగులుతుంది: కుండ, అద్దం, గుడ్డు, పలక. పొడుగ్గా, బిరుసుగా ఉన్నది విరుగుతుంది: కొమ్మ, సుద్దముక్క, కుర్చీ కోడు, కాలు. లాగితే ఊడేది తెగుతుంది: తాడు, దారం, గొలుసు, చెప్పు. ఈ మూడు రకాలకూ బ్రేక్ సరిపోతుంది.

ఆగాల్సిన చోట్లు రెండున్నాయి. గుడ్డ, కాగితం చిరుగుతాయి; అక్కడ బ్రేక్ పనికిరాదు, టేర్ వాడాలి. ఇక "వేలు తెగింది" అంటే కత్తి తగిలి రక్తం వచ్చిందని, దానికి కట్ వాడాలి. "ఐ బ్రోక్ మై ఫింగర్" అంటే ఎముకే విరిగినట్టు. కట్టు కట్టాలా, ఎక్స్‌రే తీయాలా అన్నంత తేడా. ఎముక చిట్లితే క్రాక్ అనవచ్చు.

రెండో పాఠం ఇంకా ముఖ్యం. మనకు జంట క్రియలున్నాయి: పగులు–పగలగొట్టు, విరుగు–విరుచు, తెగు–తెంపు. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు చేసేది. ఇంగ్లీషులో రెంటికీ బ్రేక్ ఒక్కటే. "ద గ్లాస్ బ్రోక్" అంటే గ్లాసు పగిలింది. "హి బ్రోక్ ద గ్లాస్" అంటే అతను పగలగొట్టాడు. మొదటి వాక్యంలో చేసినవాడు కనిపించడు కాబట్టి ఏదో లోటుందనిపించి పిల్లలు మధ్యలో "వాజ్" తగిలించి "ద గ్లాస్ వాజ్ బ్రోక్" అని రాస్తారు. "వాజ్" పెడితే "బ్రోకెన్" రావాలి, అప్పుడు అర్థం పగిలిపోయి ఉందని గానీ, ఎవరో పగలగొట్టారని గానీ అవుతుంది. నల్లబల్ల మీద రెండు వరసలు గీసి, ఒకవైపు పగిలింది, విరిగింది, తెగింది, ఇంకోవైపు పగలగొట్టాడు, విరిచాడు, తెంపాడు అని రాయండి. రెండువైపులా ఇంగ్లీషు "బ్రోక్" అనే వస్తుందని చూపిస్తే వాక్య నిర్మాణం దానంతట అదే అర్థమవుతుంది.

అనువాదకుడు_2:
పై జవాబుకు చేర్పు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడు మోసం చేసేవి ఇవి.

పాలు విరిగాయి: "ద మిల్క్ కర్డిల్డ్" అనాలి. పులుపు తగిలో, నిలవ ఉండో పాలలోని మాంసకృత్తులు ముద్దకట్టి నీళ్లు వేరవుతాయి. మనం దాన్ని విరగడం అంటాం, ఇంగ్లీషు గడ్డకట్టడం వైపు నుంచి చూస్తుంది.

సమ్మె విరమించారు: దీనికి "బ్రోక్ ద స్ట్రైక్" అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. అది యాజమాన్యమో ప్రభుత్వమో సమ్మెను దెబ్బతీసిందని చెప్పే మాట. కార్మికులే ఆపితే "కాల్డ్ ఆఫ్". ఉపవాసం విరమించడం మాత్రం "బ్రేక్ ద ఫాస్ట్" అనే అంటారు. ఏకాదశి ఉండి ద్వాదశి నాడు చేసే పారణ అదే. పొద్దున ఫలహారానికి బ్రేక్‌ఫస్ట్ అన్న పేరు కూడా రాత్రంతా ఉన్న ఉపవాసాన్ని విడవడం నుంచి వచ్చిందే.

చెరువు కట్ట తెగింది, గండి పడింది: బ్రీచ్ అన్న మాట బాగా అతుకుతుంది. అది బ్రేక్‌కు చుట్టమే. మాట తప్పడం, చట్టాన్ని ఉల్లంఘించడం, మౌనం వీడటం – మూడూ బ్రేకే. ఐదువందల నోటుకు చిల్లర అడగడమూ బ్రేకే.

అన్నిటికంటే చిత్రమైనది వానల సంగతి. "ద మాన్‌సూన్ బ్రోక్" అంటే రుతుపవనాలు విరుచుకుపడ్డాయి, వానలు మొదలయ్యాయి. "బ్రేక్ ఇన్ ద మాన్‌సూన్" అంటే నడి వానాకాలంలో వానలు ఆగాయి. అల్పపీడన ద్రోణి హిమాలయాల పాదాల వైపు జరిగినప్పుడు ఇలా అవుతుంది. క్రియగా ఉంటే మొదలు, నామవాచకంగా ఉంటే విరామం! తిరుమల బ్రేక్ దర్శనంలో ఉన్నది ఈ నామవాచకమే.

కృష్ణాతీరం:
చాలా ఉపయోగపడిందండీ. జంట మాటల గురించి కూడా ఎవరైనా చెప్పండి. బ్రోకర్‌కు, డబ్బుల్లేకపోవడాన్ని చెప్పే బ్రోక్‌కు సంబంధం ఉందా అని ఒక పిల్ల అడిగింది.

ఉచ్చారణ_బడి:
మంచి ప్రశ్న వేసింది. సంబంధం లేదు. చేతిలో పైసా లేదనే "బ్రోక్" ఈ బ్రేక్‌దే. బ్రోకర్ ఫ్రెంచి దారిలో వచ్చింది. అసలైన చుట్టాలు లెక్కల పుస్తకంలో ఉన్నాయి. ఫ్రాక్షన్, ఫ్రాక్చర్, ఫ్రాగ్మెంట్ – ఇవి లాటిన్ ద్వారా వచ్చినా మూల ధాతువు బ్రేక్‌దే. మన "భిన్నం" వేరే ధాతువు, సంస్కృత "భిద్" నుంచి వచ్చింది, కానీ దాని అర్థమూ పగిలినదనే. ఫ్రాక్షన్ అంటే భిన్నం అని చెప్పేటప్పుడు ఈ మాట చెవిన వేయండి, మరిచిపోరు.

జంట మాటల్లో బ్రేక్ డౌన్‌కు ఎక్కువ సమయం ఇవ్వండి. "బైక్ బ్రేక్‌డౌన్ అయింది" అనే అలవాటుతో "మై బైక్ ఈజ్ బ్రేక్‌డౌన్" అని రాస్తారు. "మై బైక్ బ్రోక్ డౌన్" అనాలి. క్రియైతే రెండు మాటలు, ఊత (నొక్కి పలకడం) "డౌన్" మీద. నామవాచకమైతే ఒకే మాట, ఊత "బ్రేక్" మీద. ఈ మాట బండ్లకు, పెద్ద యంత్రాలకు నప్పుతుంది. ఫోను పాడైతే "స్టాప్డ్ వర్కింగ్" మేలు. మనిషి బ్రేక్ డౌన్ అయ్యాడంటే దుఃఖం ఆపుకోలేకపోయాడని.

బ్రేక్ అవుట్: నిప్పు, యుద్ధం, అంటురోగం ఉన్నట్టుండి పుట్టడం. ఇక్కడ రోగమే కర్త, "వాజ్" రాదు. "డెంగీ బ్రోక్ అవుట్", అంతే.

బ్రేక్ ఇన్, బ్రేక్ ఇంటు: తలుపో కిటికీయో బద్దలుకొట్టి లోపలికి చొరబడటం. ఇల్లు పేరు చెబితే "ఇంటు", చెప్పకపోతే "ఇన్". ఏమీ పోకపోయినా ఆ మాట చెల్లుతుంది. కరిచే కొత్త చెప్పుల్ని కాలికి అలవాటు చేసుకోవడమూ బ్రేక్ ఇన్ అనే అంటారు.

బ్రేక్ అప్: విడిపోవడం అందరికీ తెలుసు. ఫోనులో "యు ఆర్ బ్రేకింగ్ అప్" అంటే మీ మాట తెగి తెగి వినిపిస్తోందని.

ఇక ఉచ్చారణ, స్పెల్లింగు. ఇ-ఎ జంటకు "ఏ" ధ్వని అరుదు. బ్రేక్, గ్రేట్, స్టేక్ ఒక గుంపుగా నేర్పండి. బ్రేక్‌ఫస్ట్‌లో అది పొట్టిదై "బ్రెక్" అవుతుంది. బండి బ్రేకుకు మాత్రం బి-ఆర్-ఎ-కె-ఇ. తెలుగు లిపిలో రెండూ ఒకేలా రాస్తాం కాబట్టి మెకానిక్ షాపు బోర్డు మీద బ్రేక్ ఆయిల్ స్పెల్లింగు తప్పుతుంటుంది. ఆ రెండు మాటల్నీ ఒకే రోజు, పక్కపక్కన రాయించండి.