కళ్లలోకి చూడకపోతే ఏదో దాస్తున్నట్టేనా?

బ్రాడీపేట టీచర్, గుంటూరు:
డిగ్రీ పిల్లలను ఉద్యోగ ఇంటర్వ్యూలకు సిద్ధం చేస్తుంటాను. పొన్నూరు వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకరున్నారు. అకౌంట్సులో దిట్ట. ప్రశ్న వేయగానే చూపు బల్ల మీదికి దిగిపోతుంది, జవాబు మాత్రం తప్పిపోదు. మొన్న ఒక కంపెనీవాళ్లు "ఏదో దాస్తున్నట్టుంది" అని పక్కన పెట్టేశారు. నాకు కడుపు రగిలిపోయింది. తాతగారి ఎదుట తల ఎత్తితే "ఏమిటా చూపు?" అనిపించుకుంటూ పెరిగిన పిల్ల. ఆ మర్యాదను ఇప్పుడు మానుకోమని ఏ నోటితో చెప్పను?

మిర్చియార్డు గుమాస్తా:
టీచర్‌గారూ, మా దగ్గర బేరం సాగినంతసేపూ రైతు టిక్కీలోని, అంటే మిర్చి బస్తాలోని, కాయ వంకే చూస్తాడు. ధర విన్నాక తల ఎత్తి మా మొహంలోకి చూస్తాడు. ఇక మేం మాట్లాడాలని అర్థం. కిందికి చూశాడని రైతును ఎవరూ అనుమానించరు.

సైకాలజీ లెక్చరర్, విజయవాడ:
గుమాస్తాగారు గమనించినదానికి దగ్గరి సంగతే, మాటల్లో చూపు పాత్రను పరిశీలించిన ఆడమ్ కెండన్ 1967లో రాశారు. మాట మొదలుపెడుతూ చూపు తిప్పుకుంటాం, ముగిస్తూ ఎదుటివారి వైపు తెస్తాం. ఇక మీ వంతు అని చెప్పే పద్ధతి అది. పైగా ప్రశ్న కష్టమయ్యేకొద్దీ మనిషి చూపు పక్కకు తప్పిస్తాడని, కళ్లు మూసుకుంటే జవాబు ఇంకా బాగా గుర్తొస్తుందని సైకాలజీ పరిశోధకుడు గ్లెన్‌బర్గ్ బృందం 1998లో తేల్చింది. అమ్మాయి బల్లను చూసేది లెక్క వేసుకోవడానికే కావచ్చు. చూపు తప్పించడం అబద్ధానికి నమ్మదగిన గుర్తు కాదు. ఇంటర్వ్యూ చేసేవారికి ఇది తెలియకపోవడం అన్యాయం.

ఒక తల్లి, కృష్ణలంక:
మా బాబుకు ఆటిజం. కళ్లలోకి చూడమని ఒత్తిడి చేస్తే మాట తలకెక్కదు. కిటికీ వైపు చూస్తూ విన్నదయితే పొల్లుపోకుండా అప్పజెబుతాడు. దయచేసి ఆ అమ్మాయి గడ్డం పట్టి తల ఎత్తించకండి.

బ్రాడీపేట టీచర్:
ఎప్పటికీ చేయనమ్మా. ఆలోచించేటప్పుడు బల్లనే చూసుకోమని, చివరి వాక్యం ఒక్కటీ అడిగినవారి మొహం చూసి చెప్పమని అంటాను. తాతగారి దగ్గర ఎలా ఉంటుందో అలాగే ఉండనీ. ఎదురుగా ముగ్గురు కూర్చుంటే ఎలా?

సైకాలజీ లెక్చరర్:
ప్రశ్న వేసినవారి దగ్గరే ముగించమనండి. మిగతా ఇద్దరినీ మధ్యలో ఒకసారి పలకరింపుగా చూస్తే చాలు. లండన్ సైన్స్ మ్యూజియం సందర్శకులతో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, సగటున మూడు సెకన్లకు కాస్త పైబడిన చూపే హాయిగా అనిపించింది. అంతకన్నా పట్టుకుని కూర్చోనవసరం లేదు. ఈసారి వచ్చే కంపెనీవాళ్లతో మీరే ముందుగా మాట్లాడండి, టీచర్‌గారూ.